అరవని మనిషి వైపు

రాత్రి రెండు దాటాక
బాకరాపేట కనుమలో బోల్తా పడ్డ లారీ
తిరుపతిలో మా క్యాజువాలిటీకి
ముందు మామిడికాయల వాసన పంపింది.
తర్వాత మనుషుల్ని.

బేనీషా కాదు, తోతాపురి. గుజ్జు ఫ్యాక్టరీకి పోయే సరుకు.
స్ట్రెచర్ చక్రం కింద కాయొకటి నలిగింది.
మొగిలీశ్వరయ్య దాన్ని కాలితో పక్కకు నెట్టి
"పదకొండు మంది, మేడమ్" అన్నాడు.

పదిమంది అరుస్తున్నారు.

అరుపంటే నాకు భయం లేదు.
అరిచేవాడికి గొంతులో దారి ఉంది, ఛాతీలో గాలి ఉంది,
నన్ను పేరు పెట్టి తిట్టగలుగుతున్నాడంటే
మెదడు దాకా నెత్తురు అందుతోంది.
చెంగల్రాయుడనే కుర్రాడి మణికట్టు
బోర్లించిన గరిటెలా వంగిపోయింది,
వాడి కేక రోడ్డవతల టీకొట్టును నిద్ర లేపుతోంది.
లేపనీ. వేళ్ళు కదుపుతున్నాడు.
గోరు నొక్కి వదిలితే, రెండు లెక్కపెట్టేలోగా
మళ్ళీ ఎర్రబడుతోంది.
బద్ద వేసి, చెయ్యి ఎత్తి పెట్టి
కాసేపు ఆగమనొచ్చు.

పదకొండో మనిషి దేశమ్మ.
లోడెత్తే కూలి. గోడవార ట్రాలీ మీద
కదలకుండా పడుకుని
"నాకేం లేదమ్మా, రవంత నడుము పట్టుకునింది,
ముందా పిల్లోణ్ణి చూడు" అంది.
చీర మీద ఒక్క చుక్క నెత్తురు లేదు.
నుదురు మాత్రం తెల్లారుజాము అరిటాకులా చల్లగా, తడిగా.
మణికట్టు పట్టుకుంటే
పరిగెత్తి పరిగెత్తి సన్నబడిన దారం.

మా తాత పుత్తూరు పక్క పల్లెలో కట్లు కట్టేవాడు.
వెదురు బద్దలు, గుడ్డుసొన, ఏదో ఆకుపసరు.
ఆ ఆకు పేరు ఇంట్లో ఆడపిల్లలకు చెప్పలేదు.
కళ్ళు మూసుకుని తడిమేవాడు,
చీకట్లో అగ్గిపెట్టె వెతుక్కున్నట్టు.
ఆయన కట్టిన కాళ్ళు కొన్ని నడిచి కొండెక్కాయి,
కొన్ని వంకరగానే ఇల్లు చేరాయి,
ఒకటి నల్లబడింది.
దాని గురించి ఆయన పోయేదాకా నోరు విప్పలేదు.
ఎముకల చదువు ఎందుకు చదివావని అడిగినవాళ్ళకు
ఆ కాలి సంగతి నేనూ చెప్పలేదు.

చర్మం చీల్చుకొచ్చిన ఎముక కేకేసి పిలుస్తుంది.
లోపల విరిగింది మాత్రం దొంగ.
నడుం కింది ఎముకల గిన్నె పగిలితే
రెండు మూడు చెంబుల నెత్తురు
చప్పుడు లేకుండా దాచేస్తుంది.
నొక్కి చూడలేదు.
నొక్కితే అప్పుడే గడ్డకడుతున్నది కదిలిపోతుంది.
పాదాలు చూశాను: రెండూ బయటికి వాలి,
ఎడమది వేలెడు పొట్టిగా.
తాత చేతులకు తెలియనిది నేను నేర్చుకున్నదేదైనా ఉంటే
ఇదొక్కటే, ఎప్పుడు ముట్టుకోకూడదో.

"బెల్టు?"
"పోయిన నెలే తెగింది, మేడమ్."
"అయితే దుప్పటి."
పక్క మంచం మీది ఆకుపచ్చ దుప్పటి
పొడుగ్గా మడిచి, ఆమె కిందుగా పోనిచ్చాం.
నడుముకు కాదు, ఇంకా కిందికి, తుంటి మీదికి.
మోకాళ్ళు దగ్గరికి చేర్చి కట్టి
ఒక కొస నేను, ఒక కొస మొగిలీశ్వరయ్య
ఎదురెదురుగా లాగాం, మెలితిప్పాం, ముడేశాం.
గ్రూపు తేలేదాకా ఓ నెగెటివ్, రెండు సంచులు.
ఒకటి నా చేత్తోనే పిండుతూ నిలబడ్డాను.

రెండో సంచి సగమయ్యాక
దేశమ్మ అరిచింది.
"ఏం ముడేసినావే తల్లీ, చంపేస్తా ఉండావే!"
ఆ రాత్రి నేను నవ్వింది అప్పుడే.

తెల్లారి చెంగల్రాయుడి నాయన వచ్చాడు.
పిల్లోణ్ణి పుత్తూరుకు ఎత్తుకోని పోతానన్నాడు.
రెండు వైపులా తీసిన ఎక్స్‌రే ఇచ్చి చెప్పాను:
వేళ్ళు చల్లబడినా, మొద్దుబారినా, నల్లబడినా
ఎవరు కట్టిన కట్టయినా సరే,
మాదైనా సరే, ముందు కోసెయ్యండి.
బీడీకట్ట మీది కాగితం చించి
రాసిమ్మన్నాడు. రాశాను.

పనామె ఫినాయిలుతో రెండుసార్లు తుడిచింది.
మామిడి వాసన ఇంకా పోలేదు.