తడి ఇసుక

హన్మకొండల కరెంటు వోయి వచ్చిన రాత్రి
తెర మీద గోదారి,
పిండి ఆరేసిన తువ్వాల లెక్క ముడతలు ముడతలు.
ఉపగ్రహం పోతూ పోతూ ఒక చూపు పడేసింది.
మంగపేట కాడ నీళ్ళ వెడల్పు, వాలు, ఎత్తు
అన్నీ అంకెలై వచ్చి కూసున్నయి.
నమ్మిన. నమ్మడానికే జీతమిస్తరు నాకు.

తెల్లారి మొదటి బస్సుకు పోతే
రేవుల ఓదేలు.
ముప్పయ్యేండ్ల సంది గేజీ చదివే మనిషి.
మోకాళ్ళ దాంక తడిసిన లుంగీ, చంకల నోటుబుక్కు.
నా పటం చూసిండు, అటు తిప్పి, ఇటు తిప్పి.
ఒక కాడ వేలు ఆగింది.
"గిది నీళ్ళు గాదు బిడ్డా, ఇసుక.
తడిసి మెరుస్తది.
మొన్న నా బర్రె సుత గట్లనే మోసపోయింది,
దూప మీద ఉరికొచ్చి నడుమ నిలవడ్డది."

ఆకాశానికీ బర్రెకూ ఒకటే దూప.
నవ్వు రాలే నాకు.
పదకొండు గడులు నీలం నుంచి మట్టిరంగుకు మార్చిన,
అక్కడ్నే, మెట్ల మీద కూసోని.

ఆయన నోటుబుక్కుల ఒక తారీఖుకు అంకె లేదు.
"ఆ రాత్రి మెట్లే కనవడలే.
చెవి పెట్టి విన్న. గంతే రాసిన:
చప్పుడు పెద్దగున్నది."
దాన్ని ఏ గడిల నింపాలె నేను?

"మళ్ళెప్పుడొస్తది మీ చుక్క?"
"ఇరవై ఒక్క దినాలకు."
"అబ్బో" అని
పన్నెండు గంటల రీడింగుకు లేసి
నీళ్ళలకు దిగిండు.