తరుగు

గ్రీమ్స్‌పేటలో జిరాక్సు షాపు మేడమీది గదిలో
మూడు రాత్రులుగా నేను కోస్తున్నది
మామిడి గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు
మూడు రాత్రులు కదలని ట్రాక్టర్ల వరసని.

మునికిరణ్ తీసుకొచ్చిన ఫుటేజి పదకొండు గంటలు.
కాలేజీ అడిగింది ఎనిమిది నిమిషాలు.
మిగతాదంతా
నా చూపుడువేలి కింద, డిలీట్ మీట దగ్గర.

"ఏమీ జరగదేమమ్మా ఇందులో?"
రఫ్ కట్ చూసి సార్ అన్నారు.
నిజమే సార్.
ఏమీ జరగకపోవడాన్నే తీయడానికి వెళ్ళాం.
జరిగుంటే గేటు తెరుచుకునేది,
బండి కదిలేది,
చెంగల్రాయులు ఇంటికెళ్ళి స్నానం చేసేవాడు.

అయినా కోశాను.
ఆవలింతలు కోశాను.
బీడీ వెలిగించడం ఉంచి
ఆరిన బీడీని మళ్ళీ వెలిగించడం కోశాను.
టార్పాలిన్ కింద నిద్రపట్టని కాళ్ళు,
ఒక పాదంతో ఇంకో పాదాన్ని రుద్దుకోవడం
ఇరవై రెండు సెకన్లు. పదికి తెచ్చాను.
ఆరుకి తెచ్చాను.
లెన్సు మీద వాలిన ఈగని తోలనందుకు
మునికిరణ్‌ని నోటికొచ్చినట్టు తిట్టి,
రెండో రాత్రికి దాన్ని మాత్రం ముట్టుకోలేకపోయాను.
అంత పెద్ద ట్రాక్టరు మీద
అంతకంటే పెద్ద ఈగ,
తీరిగ్గా చేతులు కడుక్కుంటూ.

రెండు గంటలప్పుడు కరెంటు పోయింది.
లాప్‌టాప్‌లో పదిహేను శాతం.
బొమ్మ చూడ్డం మానేసి
షంషాద్ రికార్డు చేసిన శబ్దం ఒక్కటే పెట్టుకున్నాను.

టప్.
ట్రాలీ రేకుల సందులోంచి
మగ్గిన బెంగళూరా కాయల రసం.
మొదటి రోజు ఫైల్లో
నాలుగంకెలు లెక్కపెడితే ఒక చుక్క.
రెండో రోజు రెండంకెలకి.
మూడో రోజు లెక్క కుదరలేదు,
తారు మీద వాన మొదలైనట్టుంది.
మధ్యలో ఆయన గొంతు, ఎవరితోనో ఫోన్లో, తాపీగా:
"కాయ కారిపోతా ఉండాది అబ్బయా.
తూకానికి పొయ్యేతలికి సగం బరువు రోడ్డే తాగేస్తాది.
ఆపైన వాళ్ళ తరుగు వాళ్ళకి ఉండనే ఉండాది."

తరుగు.
కాటా దగ్గర ఇన్ని కిలోలని కొట్టేసే మాట.
ఇంట్లో అమ్మ కత్తిపీటా వంకాయలూ
నా ముందుకు తోసి చెప్పే మాట.
నేనూ అదే కదా చేస్తున్నాను,
ఆయన రాత్రుళ్ళని ముందేసుకుని.

కరెంటు వచ్చాక సినిమా అంతా విప్పేశాను.
చుక్క పడ్డప్పుడే కట్.
మొదట పొడుగాటి షాట్లు,
తర్వాత పొట్టివి, ఇంకా పొట్టివి,
మనిషో కాయో తెలిసేలోపే తెగిపోయేవి.
ఆఖర్న బొమ్మే లేదు. నలభై సెకన్ల నలుపు.
కారడం మాత్రం ఆగదు.

సెమినార్ హాల్లో ముప్పై ఒక్కమంది.
నలుపు దగ్గర ఎవరో లేచి ప్రొజెక్టరు ప్లగ్గు చూశారు.
సార్ "ప్రయోగం... బాగుంది" అన్నారు,
ఆ రెండు మాటల మధ్య కొంచెం ఎక్కువసేపే ఆగి.
నేను పొంగిపోయాను, దాచుకోను.

ఆదివారం బంగారుపాళ్యం పోయి
చెంగల్రాయులుకి ఫోన్లో చూపించాం.
ఎండ పడకుండా తువ్వాలు అడ్డం పట్టుకుని
ఎనిమిది నిమిషాలూ చూశాడు.
చుక్కల దగ్గర నవ్వాడో, మూతి తిప్పాడో
ఆ నీడలో తెలియలేదు.
ఫోను తిరిగిస్తూ అడిగాడు:
"మా టోకెను యాడమ్మా? రెండొందల పద్నాలుగు.
దాన్ని చూసుకుంటానే గదా
మూడు దినాలు ఆడ కుచ్చోనుండింది."

ఉండేది.
చెమటకి మెత్తబడిన గులాబీరంగు కాయితం.
ఫోకస్ సరిగ్గా లేదని
మొదటి రాత్రే కోసేశాను.

మళ్ళీ గ్రీమ్స్‌పేట.
కింద జిరాక్సు మిషను ఆపేశారు.
పారేసిన ముక్కల్లో వెతుకుతున్నాను.
దొరికితే ఏ చుక్క పక్కన పెట్టాలో తెలియదు.
పెడితే
ఎనిమిది నిమిషాలు దాటుతుంది.