లెక్క తేలని సరుకు

ముప్పై రెండేళ్లు పోర్టులో టాలీ గుమాస్తాని.
ఓడ దిగిన మూటలకి
నాలుగు నిలువు గీతలు, ఐదోది అడ్డంగా.
బస్తా చిరిగితే చిరిగిందని రాశాను,
తడిస్తే తడిసిందని రాశాను.
ఓడ దిగిన మాటకి గీత గీయమని
నాకెవరూ చెప్పలేదు.

ఇవాళ కంచరపాలెం మెట్టు దగ్గర
సన్యాసమ్మ నూడుల్సు బండి ముందు
ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చున్నాను.
పక్కన సత్యారావు మాస్టారు,
ఆయన చేతిలో అర్జీ.
బయటివాళ్లని ఆపాలి,
మన సంస్కృతి మట్టిగొట్టుకుపోతోంది,
కింద నూట పద్నాలుగు సంతకాలు.
"నూట పదిహేనోది నీది" అన్నాడు.
నా నోరు నిండా ఉంది.
ఆగమని వేలు చూపించాను.

సన్యాసమ్మ గరిటె వాడదు.
పచ్చి క్యాబేజీ, చింతపండు పులుసు,
నల్లగా వేగిన ఉల్లిపాయ, ఎండుమిరప గుండ
చేత్తోనే కలుపుతుంది.
వాళ్లమ్మ రంగూన్ నుంచి దిగిన నాడు
తెచ్చుకున్నవి ఒక రేకు పెట్టె,
ఒక ముసలి అత్త, ఈ చేతి కొలత.
కాగితాల్లో ఆవిడ కాందిశీకురాలు,
వీధిలో బర్మాది.
చేపా అరటి దూటా కలిపి ఆ జావేటి,
వాళ్ల గిన్నె మన గుమ్మం దాటకూడదు, అనేది మా అమ్మ.
మూడో ఏటి వానాకాలం జొరం తగిలితే
అడిగి మరీ తాగింది.
వద్దన్న రోజు గానీ, అడిగిన రోజు గానీ
ఏ రిజిస్టర్లోనూ లేదు.

మాస్టారు వదల్లేదు.
"నీకేం తెలుసయ్యా,
మా మనవరాలు 'ఏటి' అనడం మానేసింది.
ఏ భాషలో కలలు కంటుందో దానికే తెలీదు."

ఆ మాట గుచ్చుకుంది. అబద్ధం కాదు కనక.
పెదజాలరిపేటలో మా పెదనాన్న
గాలుల్ని పేరుపెట్టి పిలిచేవాడు,
పశువుల్ని పిలిచినట్టు.
నాకు మూడు పేర్లు మిగిలాయి.
మా అబ్బాయికి గాలి సంగతి ఫోను చెబుతుంది.
మిగతావి ఎవరు పట్టుకుపోయారు?
టైల్సు వేసే గంజాం కుర్రాళ్లా?
రాజస్థాన్ మిఠాయి కొట్టువాళ్లా?
కొత్తగా చేరిన రోజుల్లో
ఆఫీసులో నవ్వుతారని
నా యాసని గేటు బయట
సైకిలుతో పాటే స్టాండు వేసి వెళ్లేవాణ్ని.
సాయంత్రం వచ్చేసరికి
సైకిలు ఉండేది.

ఇంతలో సిమెంటు జుట్టుతో ఒకడు వచ్చాడు.
బ్రజబంధు, ఇరవై దాటి ఉండవు.
"ఏటమ్మా, కారం తక్కువేసినావేటి?"
మాస్టారు గభాల్న తలెత్తాడు,
పారేసుకున్న గొడుగు
ఎవరి చేతిలోనో కనబడినట్టు.
"ఎక్కడ నేర్చావురా?"
"మేస్త్రీ తిడతాడు కదండీ, రోజూ."
మేస్త్రీ అన్న మాట ఏ కాలంలో
ఏ ఓడ దిగిందో
నేను మాస్టారికి చెప్పలేదు. చెప్పి గెలవాలనిపించలేదు.
పోయింది పోయిందే. దానికి బదులు
ఇది వచ్చిందని కూడి తీసేసి
చిట్టా మూయడం నాకు చేతకాదు.

ఏటేటా దక్షిణం నుంచి
ఏ ఊళ్లదో ఇసుక కొట్టుకొచ్చి
హార్బరు నోరు పూడ్చేస్తుంది.
డ్రెడ్జరు దాన్ని తోడి మన బీచి మీద పోస్తుంది,
లేకపోతే అల వచ్చి రోడ్డు కొరుకుతుంది.
దాని మీదే చెప్పులు విప్పి కూర్చుని
"మా వైజాగు" అంటాం.

పెన్ను ఇమ్మన్నాను.
మాస్టారు సంబరంగా ఇచ్చాడు.
అర్జీ వెనక్కి తిప్పి
గుర్తున్న మూడు గాలుల పేర్లు రాశాను.
ఆయన కళ్లజోడు సర్దుకుని చదువుతున్నాడు, పెదాలు కదుపుతూ.

పెన్ను ఇంకా నా దగ్గరే ఉంది.
నాలుగోది నాలుక చివరిదాకా వచ్చి ఆగింది.