ఖాళీలు

ముమ్మిడివరం తహసీల్దారాఫీసు ఎదర,
జిరాక్సు మిషనుకీ గోడకీ మధ్య
నా కుర్చీ పట్టేంత కొట్టు.

"ముందిది తాగండమ్మా" అని
బొండం కొట్టించుకొచ్చి బల్ల మీద పెట్టాడు
కుడుపూడి కాళేశ్వర్రావు.
బొండానికి అడుగు గుండ్రం, బల్లకి ఒక కాలు పొట్టి.
ఈ రెండు సంగతులూ ఇద్దరికీ తెలుసు.

నేను "నీళ్ళు" అని టైపు కొడుతున్నాను,
నీళ్ళొచ్చాయి.

చున్నీతోనే తుడవబోతే ఆయన ఆపాడు.
"రుద్దితే లోపలికి పోద్దండి.
ముందా కరెంటు తీగ లాగెయ్యండి.
లాకు మూశాకే గండి కొట్టాలి.
ఇప్పుడు బోర్లించండి. అలాక్కాదు, ఏటవాలుగా.
దాని దారి అది చూసుకుంటాది."

బోర్లించాను.
అక్షరాల గట్ల మధ్య బోదెలన్నీ తెగి
తియ్యటి మురుగు,
దాంతోపాటు మూడేళ్ళ బిస్కెట్టు పొడి,
ఒక స్టేపుల్ పిన్ను,
ఎవరిదో తెల్ల వెంట్రుక.

కొబ్బరినీళ్ళు ఆరితే జిగురు.
తలపిన్నుతో మీటలు ఒక్కొక్కటీ ఊడదీసి
తడిగుడ్డతో ఓసారి, పొడిగుడ్డతో ఓసారి,
జిరాక్సు అద్దం తుడిచే స్పిరిట్‌తో మరోసారి.
ఫ్యాను కింద పరిచేసరికి
చీమలు వరస కట్టేశాయి,
వాటికి అర్జీ అక్కర్లేదు.

"బియ్యంలో పెడితే తడి లాగుద్దంటారండి" అన్నాను.
"నా బియ్యమే తడిలో ఉన్నాయి కదమ్మా" అని నవ్వాడు.
నవ్వాలో వద్దో తెలీక
చేతిలో ఉన్న మీటని ఊదాను.

నాలుగున్నరకి తీగ గుచ్చి చూశాను.
అ వచ్చింది. క వచ్చింది. క్ష కూడా వచ్చింది.
ళ రాలేదు.
నొక్కితే దిగి అక్కడే ఉండిపోయింది,
ఊబిలో పడ్డ కాలులాగ.

ఐదింటికి కౌంటరు మూస్తారు.
ఆయన అర్జీ నిండా ళలే.
నీళ్ళు నిలిచి నారు కుళ్ళి,
మళ్ళీ ఊడిస్తే మళ్ళీ కుళ్ళి,
అడుగున ఆయన పేరు.
నీళ్ళని నీరనొచ్చు, మళ్ళీని తిరిగి అనొచ్చు,
ఆ మనిషిని ఇంకేమని రాయను?

చోట్లు వదిలేసి ప్రింటు తీశాను.
పాత ఫైలులోంచి ఒక ళ తెచ్చి అతికించొచ్చని
కాగితం బయటికొచ్చాక తట్టింది.
చెప్పేలోపే ఆయన పెన్నందుకున్నాడు.

నడుం వంచాడు.
ఎడమ చేత్తో కాగితం అదిమి,
వేలితో చోటు తడిమి,
ఒక్కో ళ దించుకుంటూ వెనక్కి వెనక్కి జరిగాడు,
మునక తీసిన చేలో ఖాళీలు పూడ్చే మనిషిలా.
కాస్త వంకరగా,
కింది కాగితం మీద కూడా వేరు పడేంత లోతుగా.

"ఆయ్, ఇంకెక్కడన్నా ఖాళీ ఉందాండి?"
లేదన్నాను.
ఐదుకి ఏడు నిమిషాలుండగా
చొక్కాలోపల కాగితం దాచుకుని రోడ్డు దాటాడు.

బొండంలో అడుగున కొంచెం మిగిలింది.
బల్లకి దూరంగా, గుమ్మంలో నిలబడి తాగాను.