ఎర్త్ వైరు

కొన్న రోజున పెట్రోలు ముల్లు ఫుల్ దగ్గర ఉంది.
మూడు నెలలైనా అక్కడే ఉంది.
డబ్బాతో నేను పోస్తూనే ఉన్నాను,
అది పెళ్లిభోజనం చేసి కూర్చున్నవాడిలా
కదిలిందీ లేదు, చాలన్నదీ లేదు.

పేన్స్‌విల్. ఆదివారం. ఏడింకా కాలేదు.
రేమండ్ దీవి ఫెర్రీ గొలుసు గీరుకుంటూ వెళ్తోంది.
నల్లహంస ఒకటి నా పడవ చుట్టూ తిరిగి
కొనేవాడిలా చూసి, బేరం ఆడకుండానే పోయింది.

నలభై ఐదేళ్ల ఫైబర్ పడవ, పేరు మార్జరీ.
పేరు మారిస్తే కీడంటే అలాగే ఉంచాను.
ఇప్పటికి రెండు కొత్త బ్యాటరీలు బలిచ్చాను దీనికి.
రెండూ మధ్యాహ్నానికల్లా చచ్చి
సరస్సు నడుమ నా చేతికి తెడ్డిచ్చాయి.
ఆల్టర్నేటర్ మార్చాలన్నాడు మెకానిక్. ధర చెప్పాడు.
అది విని నాకే చార్జింగ్ దిగిపోయింది.

పక్క జెట్టీ గ్లెనిస్
మెల్‌బోర్న్ ట్రాముల షెడ్డులో ముప్పై ఏళ్లు వైర్లు లాగిన మనిషి.
మోకాళ్లు పోయాయి, నోరు పోలేదు.
"కొనడం తర్వాత. కొలవడం ముందు," అంది,
మీటరు నా ఒళ్లో పడేసి.

కొలవడమంటే నాకు కొత్త కాదు.
బెయిర్న్స్‌డేల్ ఆస్పత్రిలో రోజూ జనం రక్తం తీస్తాను.
అంకె నమ్మేలా లేకపోతే
రోగిని కాదు, ముందు గొట్టాన్ని అనుమానిస్తాం.
మరి మూడు నెలలుగా ఈ బుద్ధి ఏమైందో!

బ్లోయర్ ఆడించి, మూత ఎత్తి,
ముక్కుతో ఒకసారి పెట్రోలు వాసన వెతికి,
అప్పుడు తాళం తిప్పాం.
ఆల్టర్నేటర్ దగ్గర పద్నాలుగున్నర వోల్టులు.
బ్యాటరీ దగ్గర పన్నెండుంపావు.
దారిలో రెండుంపావు మేసేసినవాడెవడు?

ఇంజను ఆపి, బ్యాటరీ విప్పి,
ఇంజను వెనక గుండ్రటి ప్లగ్గు ఊడదీస్తే దొరికాడు.
పిన్నుల నిండా చిలకపచ్చ చిలుము,
లావుపాటి ఎర్ర తీగ దగ్గర మాడిన పెసరట్టు రంగు.
గ్లెనిస్ ఏమీ అనలేదు. పాత టూత్‌బ్రష్ అందించింది.

ఇక డాష్‌బోర్డు.
బ్లోయర్ వేస్తే వేడి ముల్లు లేచేది,
హారన్ నొక్కితే ఆయిల్ ముల్లు కూలబడేది.
ఒకరు తుమ్మితే ఇంటిల్లిపాదికీ జలుబు.
అంటే, ఒకే చెంబు ఎంగిలి.
వెల్లకిలా దూరి, టార్చి పళ్లమధ్య పెట్టుకుని చూశాను:
అన్నిటికీ కలిపి ఒకటే నల్ల తీగ,
ఒకటే మర, దానికీ తుప్పు.

"ఎర్త్ అది," అంది పైనుంచి.
కింద పన్నెండు అడుగుల నీళ్లు.
మట్టి ఎక్కడుందని ఎర్త్?
నవ్వొస్తే టార్చి జారి నుదుటి మీద పడింది.
నీళ్ల మీద బతికే దానికీ
తిరిగి రావడానికి ఒక చోటు కావాలి కాబోలు,
ఇంజను దిమ్మే దీని నేల.

ఆ తీగకి చుట్టిన టేపు మీద పెన్సిలు రాత:
"తాత్కాలికం. వారిక్. మార్చి 94."
ఎవరో తెలియదు. అక్షరాలు మాత్రం పొందిగ్గా ఉన్నాయి.
వర్షం ముంచుకొస్తుంటే కట్టి ఉంటాడు,
వచ్చే వారం చూద్దామనుకుని ఉంటాడు.

పెట్రోలు ముల్లు సంగతి చివరికి తేలింది.
టాంకు దగ్గర గులాబీ తీగ తోలు ఒరుసుకుపోయి
ఇనప కమ్మీని అంటిపెట్టుకుని ఉంది.
ఆ స్పర్శనే మీటరు నిండుదనం అనుకుంది, పాపం.
తీగ మార్చి, స్విచ్చి వేశాను.
ముల్లు వణికి, దిగి, దిగి,
పావు దగ్గర ఆగింది.

పావే!
ఇన్నాళ్ల ఫుల్ కంటే ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

బ్యాటరీ దగ్గర ఇప్పుడు పద్నాలుగుంపావు.
గ్లెనిస్ తన మీటరు తుడుచుకుంది, నా బిస్కెట్లు పట్టుకుపోయింది.
కొత్త టేపు చుట్టి, వారిక్ రాతను పారేయకుండా
పక్కనే అంటించి, కింద నా తేదీ వేశాను:
"ఇది కూడా."

ఫెర్రీ దాకా వెళ్లి వెనక్కొచ్చాను.
దారంతా చూసింది నీళ్లను కాదు, ముల్లును.