రాతి రంగు ఆకు

మంచు కరిగిన వారానికి
కనుమ ఎక్కుతాం, నేనూ నా మేనకోడలు ల్హాత్సో.
కింద యునాన్ లోయల్లో వరి నాట్లు,
ఇక్కడ నాలుగడుగులకో ఆయాసం.
నేలంతా నలిగిన రాళ్ళు:
బూడిద, ఇటుక, పొగచూరిన పలక.

మా అమ్మ నిలబడే ఏరేదట.
ఆకు పచ్చగా పిలిచేది.
ఒడి నింపుకుని
జడలబర్రెల పాలు పితికే వేళకల్లా దిగొచ్చేది.
నేను మోకాళ్ళ మీద పాకుతాను,
చెంప నేలకానించి,
రాయినీ ఆకునీ విడదీసే
ఆ ఒక్క ఏటవాలు వెలుగు కోసం.

పూత పూయడానికి ఐదేళ్ళు దానికి.
ఐదేళ్ళూ ఒకటే పని, మా కంట పడకపోవడం.
పచ్చగా పుట్టినదాన్ని పీకేశాం.
మాసినట్టు పుట్టింది మిగిలింది.
దాని పిల్లలు ఇంకాస్త మాశాయి.
మేకలు కాదు, పురుగులు కాదు,
దానికి రంగు దిద్దింది మా చూపే.

గునపం మొన మీద
చిటికెనవేలి గోరంత తెల్లగడ్డ.
చిన్న రెబ్బని ఒళ్ళో పెట్టుకున్న పెద్ద రెబ్బ.
నాలుక్కి చేదు.
ఆ చేదుకి కున్మింగ్ ప్రయోగశాలలో
పొడుగాటి పేరు పెట్టారంటాడు వ్యాపారి దువాన్.
దగ్గు పుట్టేచోటికి వెళ్ళి జోకొడుతుందట.
అంటూనే కాటా మీద ఉఫ్‌మని ఊదుతాడు,
మట్టి రేణువుకి కూడా డబ్బివ్వకూడదు కదా.

ఈ చలికాలం నాన్న దగ్గాడు.
ముందు పొయ్యి పొగ అనుకున్నాం.
తెరలు తెరలుగా, రాత్రంతా.
తెరకీ తెరకీ మధ్య
ఇల్లు ఊపిరి బిగబట్టేది.
వెతికితే ఒక్క గడ్డ లేదు.
నలభై ఏళ్ళుగా అదే తవ్వుతున్న ఇంట్లో
ఒక్కటీ లేదు.

పట్నం నుంచి సిరప్పు తెప్పించాం.
సీసా మీద బొమ్మ:
తలవంచిన గంటలాంటి పువ్వు,
నిగనిగలాడే పచ్చటి ఆకులు.
ల్హాత్సో అటూ ఇటూ తిప్పి చూసింది.
"ఇదేం మొక్కత్తా?
మన కొండ మీద లేదే."

నాన్న చెయ్యి చాపి సీసా అందుకున్నాడు.
ఆ పచ్చదనం మీద బొటనవేలు పెట్టి
చాలాసేపు రాస్తూ ఉండిపోయాడు.
మూత తియ్యడం మర్చిపోయాడు.
నేనే తీసి పట్టాను.

ఒక తెర ఆగింది.
రెండోది ఆగలేదు.