కలఫాతె ఉన్న చోటల్లా

పుంతా అరేనాస్‌లో మే నెల.
ఐదింటికే చీకటి.
జలసంధి మీంచి వచ్చే గాలి
ఇన్‌స్టిట్యూట్ కిటికీల్ని పట్టుకు ఊపుతోంది.

పాత సర్వర్ పేరు కలఫాతె.
ఎవరు పెట్టారో తెలీదు. ఇక్కడి ముళ్ళపొద పేరది,
పండు తింటే నాలుక నీలమవుతుంది.
రేపు దాన్ని ఆపేస్తున్నాం.
కొత్తదాని పేరు లెంగా.
అదీ ఇక్కడి చెట్టే.

మూడొందల పన్నెండు మంది.
ఒక్కొక్కరికీ సర్వర్లో ఓ ఫోల్డర్,
దాన్ని మేం ఇల్లనే అంటాం.
ప్రతి ఇంట్లో ఏదో మూల
పాత పేరు పట్టుకు వేలాడే ఫైళ్ళు.
చేత్తో మారిస్తే మూడు వారాలు,
స్క్రిప్టు రాస్తే ఆరు పంక్తులు.

ప్రతి గడపా ఎక్కు.
తలుపు తట్టక్కర్లేదు, నేను రూట్‌ని.
కనబడ్డ ప్రతి ఫైలూ తెరువు.
కలఫాతె ఉన్న చోటల్లా లెంగా అని రాయి.
రాసేముందు పాతదానికి నకలు తీసి పక్కన పెట్టు.
తర్వాతి గడప.

ఏల్బా లూస్ దగ్గర ఆగిపోయింది.
ఆవిడ ఫోల్డర్ పేరు మధ్యలో ఖాళీ ఉంది.
స్క్రిప్టు ఇద్దరు మనుషులనుకుంది:
ఏల్బా లేదంది, లూస్ లేదంది.
కొటేషన్లు పెట్టి ఆవిణ్ణి మళ్ళీ ఒక్కమనిషిని చేసి
మొదట్నుంచీ ఇంకోసారి నడిపాను.
పదకొండు సెకన్లు.
మాతే చల్లారనేలేదు.

పొద్దున్నే దోన్ ఎలెయుతేరియో బర్రీయా
తడి టోపీ తియ్యకుండానే మెట్లెక్కి వచ్చాడు.
డెబ్భైనాలుగేళ్ళ వృక్షశాస్త్రజ్ఞుడు,
రిటైరైనా రోజూ వస్తాడు.
"నేదా, రాత్రికి రాత్రి నా పొదలన్నీ చెట్లయ్యాయి."

కాగితం చూపించాడు.
*పోర్వెనీర్ దారిలో, గొర్రెల కంచె పక్కన,
మోకాలెత్తు లెంగా. ముళ్ళు మూడేసి.*
*లెంగా కోస్తుంటే వేళ్ళు గీరుకుపోయాయి.*
*ఒర్తెన్సియా లెంగా జామ్ పంపింది, రెండు సీసాలు.*
*లెంగా తిన్నవాడు ఈ నేలకే తిరిగొస్తాడని
అమ్మ అనేది.*

ఆయన నవ్వుతున్నాడు. నాకు నవ్వు రాలేదు.
గుడ్డెద్దు చేలో పడితే పైరు తొక్కుతుంది.
నాది పైరు తొక్కలేదు,
పేరు తొక్కింది.

నకళ్ళున్నాయి కదా అని తెరిచాను.
వాటిలోనూ లెంగాయే.
రెండోసారి నడిచినప్పుడు
మారిపోయినదానికే నకలు తీసి
మొదటి నకలు మీద రాసేసింది.
చెప్పినట్టే చేసింది పాపం.

తిరగేసి ఇంకో స్క్రిప్టు రాద్దామా?
ఆయన నోట్సులో నిజం లెంగాలూ ఉన్నాయి.
అవన్నీ ముళ్ళపొదలవుతాయి.

మార్చి దాకా టేపులో దొరికింది.
ఆ తర్వాత టేపు యంత్రం చెడింది,
విడిభాగం ఇంకా ఏదో ఓడలో ఉంది.
మిగిలింది ఏప్రిల్ ఒక్కటే:
నలభై ఏడు చోట్లు.

ఆయనకి కుర్చీ వేశాను.
నేను చదవడం, ఆయన చెప్పడం.
"పొద."
"పొద."
"అది చెట్టే. ఆ కొండ మీద పొదలుండవు."
"జామ్ సంగతా? పొద. చెట్టుతో జామ్ ఎవరు చేస్తారు?"
ఆరు పంక్తులతో తోసుకు తిరిగిన ఇంట్లో
ఒక్కో మాట దగ్గరా ఆగి
లోపలికి రావచ్చా అని అడుగుతున్నట్టుంది.

మధ్యాహ్నానికి నలభై ఆరయ్యాయి.
ఆఖరిది: *ఏప్రిల్ పంతొమ్మిది. వాన.
బస్సు కిటికీలోంచి, వాలు మీద ఎర్రగా ఏదో, లెంగా.*
శిశిరంలో రెండూ ఎర్రబడతాయట.

కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.
మళ్ళీ పెట్టుకున్నాడు.
కర్సర్ ఆ పేరు పక్కన మినుకుమంటోంది.

"పేరు తీసెయ్," అన్నాడు.
"ఎర్రగా ఏదో. అంతవరకూ ఉంచు.
నేను చూసింది అంతే."